పాటు వేళ

వినుకొండ దగ్గర మాట ఆగిపోయింది.
మలుపు నేను చూడలేదని తను,
చెప్పేలోపే దాటించేసిందని నేను.
అక్కణ్ణుంచి బండిలో మాట్లాడింది
ఫోనులో ఆడమనిషి ఒక్కతే.

వెనక సీట్లో ఆదోని ఉల్లిపాయల బస్తా.
అద్దం దించితే దుమ్ము, ఎత్తితే ఉల్లి.
గుంటూరు దాటాక టోలు గేటు
మా ఫాస్టాగును మూడుసార్లు గుర్తుపట్టనంది.
నా మోకాలు కొత్తగా ఇంకో నొప్పిని కనిపెట్టింది.
ఏడాదికోసారి ఎందుకిలా, అని అడగను.
అడిగితే మానేద్దామంటుందేమోనని భయం.

ఆకివీడు దాటాక రోడ్డు సన్నబడింది.
ఇటు కాలువ, అటు రొయ్యల చెరువు,
ఎదురుగా ఐసునీళ్ళు కార్చుకుంటూ లారీ.
పేరిందేవి ఎడమ చక్రాల్ని
గడ్డి అంచు మీద
సూదిలోకి దారంలా దూర్చి లాగేసింది.
భలే, అనబోయి మింగాను.

ఆ తర్వాత బాతులు.
మూడొందలో, నాలుగొందలో.
కర్ర పట్టుకున్న కుర్రాడికి తొందర లేదు,
వాటికి అసలే లేదు.
హారను మీద చెయ్యి వేసి, తీసేసింది.
పెదవి చివర ఏదో కదిలింది.
చూడనట్టు చూశాను.

నరసాపురం రేవులో ఫోను అంది:
"నేరుగా వెళ్ళండి."
నేరుగా అంటే గోదారే.
అవతల సఖినేటిపల్లి కొబ్బరిచెట్లు
లెక్కపెట్టేంత దగ్గర.
ఇవతల పంటు ఒండులో కూలబడి ఉంది,
అదిలించినా లేవని గేదెలా.

"పాటులో ఉందండి. పోటు తగిల్తేగానీ లేవదు, ఆయ్."
"ఎంతసేపు?"
"గోదారినడగాలండి."

చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగితే గంట.
ఆ సంగతి గాలికి చెబుతున్నట్టు చెప్పాను.
తను తాళంచెవి తీసి ఒళ్ళో పెట్టుకుంది.
అంతే.

బురదలో పీతలు బయటికొచ్చి
మమ్మల్ని చూసి లోపలికి పోయాయి.
మా వెనక షామియానా గుడ్డల ఆటో,
దాని నీడలో లేసు అల్లుకుంటూ ఇద్దరాడవాళ్ళు.
సైకిలతని దగ్గర ముంజలు కొన్నాను.
బొటనవేలు గుచ్చగానే నీళ్ళన్నీ చొక్కా మీద.

"ఇటివ్వు. తినడం కూడా రాదు."

వినుకొండ తర్వాత మొదటి మాట.
రెండో ముంజ కూడా కావాలనే పాడుచేశాను.

నీళ్ళు ఎప్పుడొచ్చాయో చూడలేదు.
బండి పంటెక్కింది. ఇంజను ఆగింది.
ఆరొందల కిలోమీటర్ల తర్వాత
తన చేతులు స్టీరింగు మీద లేవు,
బండి మాత్రం వెళ్తూనే ఉంది.
ఆ చేతుల్ని కాసేపు అటూ ఇటూ తిప్పి చూసుకుంది,
ఎవరో దాచమని ఇచ్చిపోయిన సామానులా.

ఫోనులో నీలం చుక్క నీళ్ళ నడుమ నిలబడింది.
ఆడమనిషి ఏమీ అనలేదు.

పంటు కుర్రాడు ముక్కు ఎగబీల్చాడు.
"ఉల్లిపాయలాండీ?"
"దిగేటప్పుడు నాలుగు తీసుకో" అంది.
అని, నాకేసి చూడకుండానే:
"వచ్చే ఏడు కుడి మలుపులు నువ్వు చూడు.
ఎడమవి నేను చూసుకుంటాను."