కొలతల పుస్తకం, వెనక పేజీలు

ముందు పేజీల్లో వీధిలో వాళ్ల భుజాలు, నడుములు, చేతి పొడవులు.
వెనక నుంచి తిప్పితే మా వకుళ.

కీల్పాక్‌లో మందుల షాపు పైన మేడ,
మంగళ, శుక్రవారాలు, నాలుగున్నరకి.
థెరపిస్టు పేరు తేన్‌మొళి.
తేనెలాంటి మాట అని అర్థమట.
ఆవిడ నోట్లోంచి రాలేవి మాత్రం గులకరాళ్లు.
ఇంగ్లీషులో అని, తమిళంలో విప్పి చెబుతుంది.
పెరంబూరు బస్సులో కడ్డీ పట్టుకుని నిలబడి
నేను వాటిని తెలుగులోకి టాకాలు వేసుకుంటూ వస్తాను.
దిగేసరికి సగం కుట్లు ఊడిపోతాయి.

మొదట రాసింది సెన్సరీ డైట్.
"పథ్యమా? వంకాయ మానిపించాలా?" అంది అత్తయ్య.
తినేది కాదత్తయ్యా,
పూటపూటకీ ఒంటికి పెట్టే పని.
బడికెళ్లే ముందు గోడని పదిసార్లు తొయ్యాలి,
సాయంత్రం బియ్యం డబ్బాలో మోచేతుల దాకా ముంచాలి,
పడుకునే ముందు దుప్పట్లో బిగించి చుట్టాలి.
"ఓస్, నలుగు పెట్టి ఒళ్లు నొక్కడమేగా,
మా రోజుల్లో దీనికి ఫీజు లేదు" అంటూ
తనే చుట్టింది, చాప చుట్టినట్టు.
లోపల్నుంచి వకుళ నవ్వు.

ప్రొప్రియోసెప్షన్‌కి రెండు వారాలు పట్టింది.
కళ్లు మూసుకున్నా నా మోచెయ్యి ఎక్కడుందో నాకు తెలుసు.
మిషను తొక్కే పాదాన్ని నేను చూడక్కర్లేదు.
దానికి తన ఒళ్లు ఎక్కడిదాకా ఉందో సరిగ్గా అందదు.
అందుకే తలుపుల్ని గుద్దుకుంటుంది,
అందుకే వాటేసుకుంటే నా పక్కటెముకలు నొస్తాయి.
రాసుకున్నాను: ఒంటి ఎరుక.
అంతకు ముందు మూడేళ్లూ నేను దాన్ని పొగరు అన్నాను.
ఆ మాట మీద గీత కొట్టాను.
గీత కింద ఇంకా కనిపిస్తూనే ఉంది.

మెడ వెనక లేబుల్ గుచ్చుకుంటోందని
బస్టాపులో గౌను విప్పేసిన రోజు
అందరూ దాన్ని కాదు, నన్ను చూశారు.
తాకిడి అంటే బెదురు, అంది తేన్‌మొళి.
ఎన్ని మెడల వెనక నా షాపు పేరు కుట్టానో!
ఆ రాత్రి ఇంట్లో లేబుళ్లన్నీ బ్లేడుతో ఊడదీశాను,
కుట్లు బయటికి వచ్చేలా గౌన్లు మళ్లీ కుట్టాను.
తిరగేసి తొడిగావమ్మా అంటారు.
తిరగేసే తొడిగాను.

పిన్సర్ గ్రాస్ప్‌కి వెతుక్కోలేదు.
చిటికె.
ఉప్పుని ఏనాటినుంచో దానితోనే కొలుస్తున్నాం.

మిడ్‌లైన్ కూడా నాకు కొత్త కాదు,
గుడ్డని మడిచి సుద్దముక్కతో గీసేదే,
ఒంటి మీదైతే కనపడదు.
దాని కుడిచెయ్యి ఎడమవైపుకి వెళ్లదు.
చపాతీ ముక్క సరిగ్గా బొడ్డు ఎదురుగా చెయ్యి మారుతుంది,
చెక్‌పోస్టు దగ్గర సరుకు లారీ మారినట్టు.

మోటార్ ప్లానింగ్‌కి ఇంకా మాట దొరకలేదు.
ఆ వరస ఖాళీగా ఉంది.

నిన్న పాల ప్యాకెట్‌తో మెట్లెక్కి వచ్చేసరికి
మిషను కింద వకుళ,
దారాలు తెంపే చిన్న కత్తెర,
చెంబగవల్లి గారి ముదురాకుపచ్చ పట్టు జాకెట్టు గుడ్డ.
అరవాలి. నోరు తెరిచాను కూడా.
ఎడమచెయ్యి గుడ్డని పట్టుకుని మెల్లగా తిప్పుతోంది,
కుడిచెయ్యి కత్తిరిస్తోంది,
ఒకటి ఆగితే రెండోది ఆగుతోంది,
నాలుక పెదవి చివర్న కొంచెం బయటికి.
కత్తెర గీత దాటింది, ఎడమ వైపుకి,
ఎవరినీ అడగకుండా.
జరీ అంచు తెగిన చప్పుడు దాకా
నేను గుమ్మంలోనే నిలబడ్డాను.
పాలు చల్లగా నా చీర మీద కారుతున్నాయి.

వెనక పేజీ తీసి రాశాను:
బైలేటరల్ కోఆర్డినేషన్, రెండు చేతుల పొత్తు.
ముందు పేజీ తీసి రాశాను:
చెంబగవల్లి, పట్టు గుడ్డ, ఆరువందల యాభై,
బాకీ.