ఇగంల ఉడికిన బండి

పొద్దుగాల నాలుగున్నర.
మర్రిగూడ నించి మాల్ పోయే తొవ్వల
మంచు అద్దానికి సున్నమేసినట్టుంది.
నోరు తెరిస్తే
నా మాట నాకంటె ముందు పొగయి పోతున్నది.
వెనక సీట్ల ఇద్దరు, ఈదమ్మ, ఆమె బిడ్డ కళమ్మ,
పట్నం దవఖానల తొలి చీటీ దొరకాలెనని
చెద్దర్ల లోపల చెద్దర్లయి కూసున్నరు.

"హీటరెయ్యి బిడ్డా" అన్నది ఈదమ్మ.
ఇరవై ఏండ్ల ఇండికాల హీటరంటే
డ్యాష్‌బోర్డు మీద ఒక గుండ్రని అబద్ధం.

గప్పుడు జూసిన ముల్లును.
నడుమల నిలబడాల్సింది
అంగడికి ఆలిస్యమైన మనిషోలె
ఎర్రగీత దిక్కు ఉరుకుతున్నది.

కిటికీల కెళ్లి చెయ్యి వెడితే
వేళ్లు నావి కావనిపించే చలి.
బానెట్ కింద మాత్రం
పెండ్లింటి గాడిపొయ్యి.

ఆపిన. ఆపంగనే సుయ్యిమన్నది.
తెల్లటావిరి పోయి మంచుల కలిస్తే
ఏది మంచో, ఏది నా బండి పాణమో తెల్వలే.

బానెట్ లేపితే
జాలీ ముందల, మడతవెట్టి సాపుగ జొనిపిన బొంత.
రాత్రి నేనే వెట్టిన.
ఇగానికి ఇంజను బిర్రబిగుస్తదని,
మా నాయన బర్రెదూడకు గోనె కప్పినట్టు కప్పిన.
తీసుడు మర్సిన.

కళమ్మ నవ్వింది.
ఊరు దాటినప్పటి సంది
తల్లి కాయితాలు తడుముకుంటనే ఉన్న మనిషి
బొంతను జూసి నవ్వింది.
"దానికి గూడ ఊపిరాడాలె గదన్నా."

చల్లారినంక మళ్ల కదిలినం.
నాలుగు కిలోమీటర్లు.
ముల్లు మళ్ల లేసింది.
తప్పు ఒక్క బొంతది గాదు.

మాల్ అడ్డమీద గౌసుద్దీన్ షెడ్డు.
టైరు ముక్క కాలవెట్టి చలి కాగుతున్నడు.
అతనికి మెడ తిరగదు.
పేరు వెట్టి పిలిస్తే
మనిషి మొత్తం తిరుగుతడు, మెల్లగ,
ఇరుకు గల్లీల లారీని రివర్సు చేసినట్టు.

అర్ధగంట దాక మూత ముట్టనియ్యలే.
"తొందరపడ్డోళ్ల మొకాలు చాన జూసిన" అన్నడు.
ఎన్కసీరి నా బొంతనే మూత మీద వేసి తిప్పి,
దాన్ని ఇంజను మీదనే వదిలి,
కింద నట్టు ఇప్పిండు.

కూలంటయితే పచ్చగ రావాలె.
వచ్చింది కుడితి.
దాని ఎన్క తెల్లటి పెచ్చులు,
నీళ్ల కాగు అడుగుల గీకితే రాలేటియి.

"ఏం పోసినవ్?"
"నీళ్లే."
"ఏ నీళ్లు?"
"మా బోరుయి."
చలికాలం కూలంటెందుకనుకున్న,
దేవుడే ఏసీ ఏసిండనుకున్న,
మూడు వందలు మిగిలినయనుకున్న.
ఇవేవీ నేను చెప్పలే.

పెచ్చు నొకదాన్ని వేళ్ల నడుమ నలిపిండు.
నలగలే.
లైటు దగ్గరికి మనిషి మొత్తం తిరిగి
చాన సేపు జూసిండు,
దూరపు సుట్టాన్ని గుర్తువట్టినట్టు.

"ఇది నాకు ఎరుకే" అన్నడు.
పానాతోని
తన మోకాలు మీద రెండుసార్లు కొట్టిండు.
టక్. టక్.

"నీ బండి తాగిందీ నేను తాగిందీ ఒక్క నేల నీళ్లే.
దీనికయితే జాలీ మార్చొచ్చు.
పాతది ఒకటుంది, మద్యాన్నం దాక పడ్తది."

మద్యాన్నం దాక చీటీ ఆగదు.
పాల వ్యాను నాపి ఇద్దరినీ ఎక్కించిన.
ఈదమ్మ కాలు పైకి రాక
మొదలు చేతులు, తర్వాత నడుము, తర్వాత పాణం
ఒక్కొక్కటే లోపలికి చేరేసింది.
కళమ్మ సగం కిరాయి తీసింది. వద్దన్న.
"అయితే గా బొంతనన్న ఇయ్యి,
క్యాన్ల నడుమ గాలి కొడతది."

ఇంజను మీది నించి తీసి ఇచ్చిన.
డీజిలు వాసన.
ఇంక వెచ్చగనే ఉంది.