పేరు పెట్టడానికి లేదు

అయనావరం రైల్వే హాల్లో
ఆరింటికి రిహార్సల్.
నల్లకోట్లు హైకోర్టు ప్లీడరుగారి అరువు,
ఇంకా నాఫ్తలీన్ వాసన.
తెల్లకాలర్లు నిరుటి క్యాలెండర్లు తిరగేసి కత్తిరించాం.
దేశం కాని దేశపు దైవభక్తులు
విసురుగా మెడ తిప్పితే
లోపల ఆడిమాసం తేదీలు బయటపడతాయి.

నేను ప్రాంప్టర్ని.
తెర పక్కన స్టూలు, చేతిలో టార్చి.
ముప్పై ఏళ్లుగా
ఎవరెవరో మరిచిపోయిన మాటలు అందిస్తున్నాను.
కోచ్ ఫ్యాక్టరీ స్టోర్సులో గుమాస్తాగా రిటైరైన రోజు
శాలువా కప్పి అన్నారు,
"సాంబమూర్తిగారికి పేరు పెట్టడానికి లేదు."

నాటకంలో
పిల్లలకి మూర్ఛలొస్తాయి.
ఊళ్లో ఎవరో దయ్యంతో పొత్తు కట్టారు.
ఎవరు? పేరు చెప్పు.
చెప్పినవాళ్లు బతుకుతారు.
చెప్పనివాళ్ల కోసం
నీళ్ల లారీ అతన్నడిగి తాడు తెచ్చాం.

క్వార్టర్స్ పిల్ల హేమలత
వేలు చూపించాల్సిన చోట రోజూ నవ్వేస్తుంది.
డైరెక్టరు కసురుకుంటాడు.
నాకా నవ్వే సరిగ్గా ఉందనిపిస్తుంది.
వేలు చూపించడం అంత తేలిక మరి.

మూడో అంకం.
జడ్జి, అంటే మా పెయింట్ షాపు పట్టాభిరామం,
కాగితం ముందుకు తోస్తాడు.
"దయ్యాన్ని చూశానని రాయి. పక్కనెవరున్నారో రాయి.
సంతకం పెట్టి ఇంటికి పో."
రైతు వేషం కుర్రాడు కలం తీసుకున్నాడు.
ఇక్కడ ఒక మాట అనాలి.
మరిచిపోయాడు.
నా వైపు చూశాడు.

టార్చి వెలుగు ఆ మాట మీదే ఉంది.
నాకు నోరు పెగల్లేదు.

ఎనభై ఏడు. వానాకాలం.
రాగితీగ చుట్టలు రెండు లెక్కకి తగ్గాయి.
విజిలెన్సు ఆఫీసరు మర్యాదస్తుడు,
నాకు కాఫీ తెప్పించాడు.
"మిమ్మల్నెవరూ అనుమానించరు. మీ పేరు అలాంటిది.
ఆ రాత్రి గేటు దగ్గర ఎవర్ని చూశారో, ఒక్క ముక్క."
నేనెవర్నీ చూడలేదు.
చూడలేదని రాస్తే
ఆ కాగితం మీద నా పేరొక్కటే మిగులుతుంది.
కాఫీ చల్లారకముందే రాసిచ్చాను.
గుర్రం జకరయ్య, ఖలాసీ.
గుండ్రటి చేతిరాత నాది,
దాన్ని కూడా మెచ్చుకున్నారు.

అతను అరవలేదు.
స్టోర్సు కిటికీ దగ్గరకొచ్చి
నంబరున్న ఇత్తడి బిళ్ల చెక్క మీద పెట్టాడు.
"ముట్టిందని రాసుకోండి సార్,
నా పేరు మీకు రాయడం వచ్చు కదా."

పెరంబూరు మార్కెట్లో ఎవరు ముందు అప్పు ఆపేశారో,
అతని చిన్నకూతుర్ని బళ్లో ఏమని పిలిచారో
అంతా విన్నాను.
కిటికీ దగ్గర కూర్చున్నవాడికి అన్నీ చేరతాయి.
రెండేళ్లకి చుట్టలు దొరికాయి,
పక్క గోడౌన్లో, తప్పు చీటీ అంటించుకుని.
దానికి కాగితం ఎవరూ అడగలేదు.
అడగందే రాయడం
గుమాస్తాకి అలవాటు లేదు.

అరక్కోణం లోకల్ పోతోంది.
దాని మోతకే నేనాగాననుకుని
కోట్లలో చెమటలు కక్కుతూ అందరూ ఓపిక పట్టారు.
మోత పోయింది.
"లైన్, సార్!" అన్నాడు కుర్రాడు గొంతు తగ్గించి.

ముందుకు వంగాను.
గుసగుసగా అందించాను.
మంచి కుర్రాడు, నేనేది అందిస్తే అది
చివరి బెంచీకి వినపడేలా అంటాడు.
"గుర్రం జకరయ్య!"

హేమలత కూడా నవ్వలేదు.
"ఎవరండీ ఈ జకరయ్య?"
డైరెక్టరు పేజీలు తిరగేస్తున్నాడు.
"పాత్రల జాబితాలో లేడే?"

పట్టాభిరామం మాత్రం
మెడలోంచి క్యాలెండరు కాలరు మెల్లగా తీసి
జడ్జి కుర్చీలోంచే
నా వైపు తిరిగాడు.