పుట్టి కిరాయి

పొద్దున ఆరింటికి ఏరు పొగలు గక్కుతున్నది.
ఉరుకుందు పుట్టిని బోర్లిచ్చి
అడుక్కు తారు పూస్తుండు.
"ఆగు సవారమ్మక్కా, జర ఆరనీ" అంటడు.

నా సంచిల
బీపీ మిషను, వేలు పొడిచే సూదులు,
షుగరు పట్టీలు పందొమ్మిది.
కొంగలగడ్డ మీద ముప్పై ఏండ్లు దాటినోళ్లు
నూటా పన్నెండు మంది.
పందొమ్మిది పట్టీలు నూటా పన్నెండు వేళ్లకు
ఎట్ల పంచాల్నో
ట్రైనింగుల చెప్పలే.

రెండు పాయల నడుమ ఊరు.
వానకాలం నాలుగు నెలలు
మా లెక్కల అది ఊరు గాదు,
"అందుబాటులో లేనిది".
గా మాట రిజిస్టరుల రాసేది నేనే.
నా చేతిరాతే.

మద్దిలేటి మామకు మొదటి పట్టీ.
వేలు చూపెట్టమంటె
బొటనవేలు చాపిండు.
"ఏం పైసలు పడ్డయి బిడ్డా?"
పైసలు గాదు మామా,
మిషన్ల రెండొందల డెబ్బై పడ్డది.
"గంతేనా" అన్నడు.

జమ్ములమ్మవ్వ ఎండుచేపలు తిరగేస్తున్నది,
చేతులు మోచేతిదాంక తెల్లగ.
ఉప్పు తగ్గియ్యమని చెప్పిన కదవ్వా అంటె
"సర్కారు ఉప్పు నేనెన్నడు తిన్ననే
తగ్గియ్యనీకి?"
నవ్వింది. నేను గూడ నవ్విన.
నవ్వినంక గోళీల చీటీ ఎత్తి చూపెట్టింది,
నెలకు ముప్పై పొక్కులు, అన్ని ఖాళీ.

పోయిన మార్చిల జిల్లా ఆఫీసుకు పోయిన.
నివారణ పద్దు కింద పైసలున్నయంట,
ఖర్చుగాక వాపసు పోతున్నయంట.
పుట్టి కిరాయి ఇయ్యిన్రి సార్,
వారానికి ఒగ దినం, రాను పోను, అన్న.
సారు మంచోడే. కాయితం అటిటు తిప్పిండు.
"వాహనం అని ఉన్నదమ్మా ఈడ.
పుట్టికి చక్రాలేవి?"
సార్, పుట్టే ఒగ చక్రం అన్న.
రాసుకోలే.

గొడ్డన్న పడిన రాత్రి మాత్రం
అన్ని తలుపులు తెరుసుకున్నయి.
గట్టుమీద అంబులెన్సు,
దాంట్ల ఆక్సిజను, దారి పొడుగూత సైరను,
పట్నంల పదకొండు దినాలు.
లక్షా నలభై ఆరు వేలు, ఎవ్వరు కిరాయి అడగలే.
సగం మొకంతోని తిరిగొచ్చిండు.
వల ఇసిరే చెయ్యి
ఇప్పుడు వల లెక్కనే ఏలాడుతది.
ఆయన భార్య అన్నం కలిపి పెట్టుకుంట
నన్ను చూసి ఒగటే అడిగింది,
"గా గోళీ ఎంత ఉండెనక్కా?"

రూపాయి గూడ గాదు చెల్లె.
చెప్పలే నేను.

మా రిజిస్టరుల గడులు శానున్నయి.
పడిపోయినోళ్లకు గడి, పోయినోళ్లకు గడి,
పంపినోళ్లకు, రానోళ్లకు.
ఈ యేడు జమ్ములమ్మవ్వ పడిపోలే.
పడిపోని మనిషిని
ఏ గడిల రాయాలె?
అంచుకు, గీత అవతల,
పెన్సిలుతోని ఒగ చుక్క పెడ్త.
పై సార్లు దాన్ని మరక అనుకుంటరు.

పొద్దుగూకంగ వాపసు బయలెల్లినం.
పట్టీలు ఒడిసినయి, మిషనుకు పానం ఉన్నది.
నీకు ఎన్నడు చూడలే కద అని
నడి ఏట్ల ఉరుకుందు దండకు పట్టా కట్టిన.
చెయ్యి కదపకు అన్న.
"చెయ్యి కదపకుంటె
పుట్టి యాడికి పోతదో చెప్పు" అన్నడు.
మిషను బుస్సుమన్నది. అంకెలు ఎక్కినయి, దిగినయి, నిలవడ్డయి.
నూటా డెబ్బై ఎనిమిది. కింద నూటా నాలుగు.
ముప్పై ఆరేండ్లోడు.
నా దగ్గర పది పైసలు తీసుకోకుండ
నాలుగేండ్ల సంది దాటిస్తున్నోడు.

తెడ్డు ఇటియ్యి అన్న.
నీకు రాదక్కా అన్నడు.
ఇయ్యి.

నిజమే, నాకు రాదు.
పుట్టి ఉన్నకాడనే తిరగవట్టె.
ఒగసారి గట్టు నా ముందలికొచ్చె,
ఒగసారి గడ్డ.