పైగుడ్డ కింద

ఆదోని పత్తి యార్డులో టెండరు పెట్టెకు
తాళం రాసింది నేనే.
చెక్కపెట్టె కాదు, కంప్యూటరు లోపలిది.
ఏ లాటుకు ఏ వ్యాపారి ఎంత వేశాడో
మూడు గంటల దాకా ఎవరి కంటా పడకూడదు,
సెక్రటరీ కంట కూడా.

నేను నేర్చిన భాషకు పుట్టింటి సామాను చాలానే ఇచ్చారు.
కూడికలున్నాయి, తేదీలున్నాయి,
వాక్యాన్ని ముక్కలు చేసే కత్తెర ఉంది,
ఏ దేశంలో ఎప్పుడు తెల్లారుతుందో కూడా ఉంది.
తాళం లేదు.
"అది బయట దొరుకుతుంది, తెచ్చుకోండి" అని
పుస్తకం చివర చిన్న అక్షరాలు.

బయటికి పోయే తీగను
మొన్న ఎత్తుగా బోరాలేసుకున్న లారీ తెంపుకుపోయింది.
తీగ ఉన్న రోజున చూశాను,
బయట అరవై రకాల తాళాలు.
ఒకటి చేసినాయన రెండేళ్ళుగా పలకడు,
ఇంకొకటి నిన్న పుట్టింది.
ఏది ఉక్కో ఏది తగరమో
తట్టి చెప్పే చెయ్యి కాదు నాది.

అందుకని నేనే చేశాను.
ప్రతి అంకెకూ ఏడు కలిపాను,
పది దాటితే పదిని పారేశాను.
ఏడువేల రెండువందలు
నాలుగువేల తొమ్మిదివందల డెబ్బై ఏడయింది.
నాకే గుర్తుపట్టరాలేదు. మురిసిపోయాను.
అందరికీ నమ్మకం కలగాలని
హాల్లో తెర మీద ఆ గజిబిజినే చూపించాం.

నాలుగో రోజు
జిన్నింగు మిల్లు గుమాస్తా మద్దిలేటి,
పదో తరగతి లెక్కల్లో తప్పినవాడు,
వక్కపొడి నోట్లో వేసుకుంటూ అడిగాడు:
"ఏం సార్, అన్నీ డెబ్బై ఏడుకాడే నిలబడతాండాయి?"

క్వింటాలు ధర ఎవడైనా
రెండు సున్నాలతోనే కదా ముగిస్తాడు.

నన్ను అడిగేలోపే వాళ్ళ సేటు రెండు రోజులు కొన్నాడు.
ముందు ఆరువందలు ఎక్కువేసి గెలిచేవాడు,
ఇప్పుడు సరిగ్గా వంద.
పెద్దతుంబళం హనుమక్క లాటులో
పోయిన ఐదువందలు
ఏ రిజిస్టరులోనూ లేవు.

సాయంత్రం టీ బంకు దగ్గర
ఎడ్ల దళారి ఉరుకుందప్ప అంతా విన్నాడు.
ఏమీ అనకుండా నా చెయ్యి లాక్కుని
పైగుడ్డ కప్పాడు.
రెండు వేళ్ళు పట్టి వదిలాడు,
గుప్పెడూ పట్టి ఒకసారి నొక్కాడు.
చుట్టూ ఇరవై మంది,
ధర మాత్రం మా ఇద్దరి చర్మాల నడుమ.

"ఇందుకోసం గుడ్డ కొంటారా పెద్దాయనా?"
"కొనేదేంది? సంతలో పైగుడ్డ లేని భుజం యాడుండాది!
చెమటకీ అదే, బేరానికీ అదే."

రాత్రి కర్నూలుకు ఫోన్ చేస్తే
మాబున్ని ఒప్పుకోలేదు.
"భాషలోనే బిగిస్తే, తుప్పు పట్టినాక ఎవరు పీకుతారు?
మా నాన్న గోదాము తాళం మేకు పెట్టినా తెరుచుకుంటుంది.
మార్చడు.
పన్నెండు మంది దగ్గర దాని చెవులున్నాయంట."
ఆమె మాటా అబద్ధం కాదు.
నా నోరు మూతపడింది.

మర్నాడు ఆ మాటే ఉరుకుందప్పనడిగాను.
గుడ్డ తీసి వెలుగుకు పట్టాడు.
నడుమ రేగుపండంత చిల్లి,
అందులోంచి సూర్యుడు.
"పోయినేడు చినిగింది.
అది దాపెట్టుకుంటే నీ బేరం పోతాది.
మడత పెట్టి రెండు పొరలు చేస్తా,
ఇంకా చినిగితే బండి తుడిచేదానికి,
కొత్తది భుజానికి."

భాష చేసేవాళ్ళకు ఉత్తరం రాశాను.
సిద్ధాంతం ఏమీ రాయలేదు.
డెబ్బై ఏడు గురించి రాశాను,
హనుమక్క ఐదువందల గురించి,
చిల్లి గురించి కూడా.

జవాబింకా రాలేదు.
రేపు నూట పన్నెండు లాట్లు.
అటక మీది చెక్కపెట్టె దింపి దుమ్ము దులిపారు,
చీటీలు, లక్క, కొవ్వొత్తి,
ఒక ఇత్తడి తాళం.

చెవి సెక్రటరీ జేబులో.