మార్పుకు కారణం

మొదటి సమావేశానికి ముప్పై కుర్చీలు వేశాం,
మద్దిలపాలెంలో ట్యూషన్ సెంటరు వదిలేశాక దొరికిన గదిలో.
ముగ్గురొచ్చారు.
ఒకడు వాన తగ్గగానే వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం నేను చాలా మాట్లాడాను.
మందుల పరీక్షల లెక్క రాసే సాఫ్ట్‌వేర్
బీరువాలో తాళమేసి ఉండకూడదని,
హార్బర్‌లో తెల్లవారు వేలంపాటలా
కోడ్ అందరి ముందూ పరిచి ఉండాలని,
మొప్ప ఎత్తి చూసి
కంపు కొడితే కొడుతోందని ఎవరైనా అనొచ్చని.
వెనక కుర్చీలో ఎస్తేరు సిస్టరు
నైట్ డ్యూటీ దిగి వచ్చింది కాబోలు,
కూర్చునే నిద్రపోయింది.

ఆర్నెల్లు ఎవరూ రాలేదు.
రాసేది నేను, తప్పులు పట్టేది నేను,
వాది ప్రతివాది నేనే, తీర్పూ నాదే.

ఒక సోమవారం
పెద్దాసుపత్రి ఓపీ గోలలోంచి ఎస్తేరు ఫోను:
"మీ ఫారం నా రాత తీసుకోవట్లేదు సార్."

పదిహేడో నంబరు. మూడో విజిట్.
పేరు నేను చెప్పకూడదు, నాకు తెలీదు కూడా.
పాదం మీద మానని పుండుకి పూతమందు,
ట్యూబులో మందుందో ఉత్త జిగురుందో
ఇచ్చేవాళ్లకీ తెలీదు, రాసుకునేవాళ్లకీ తెలీదు.

నేను పెట్టిన ప్రశ్న:
"గత విజిట్ అనంతరం మీకు ప్రతికూల సంఘటన ఏదైనా సంభవించినదా?"
నిఘంటువు చూసి మరీ పెట్టాను.
ఎస్తేరు ఉన్నదున్నట్టు చదివింది, నియమం అది.
పదిహేడో నంబరు కాసేపు ఆలోచించి
"అయినాది తల్లీ" అంది.
"మావోడి తెప్ప భీమిలి అవతల బోల్తా కొట్టీసినాది.
మనిసి దక్కినాడు. వల పోనాది."

ఎస్తేరు రాసింది. తెప్ప, వల, తేదీ.
నా జాబితాలో దద్దురుంది, వాంతి ఉంది, కళ్లు తిరగడం ఉంది,
తెప్ప లేదు.
గడి చుట్టూ ఎర్రగీత గీసుకుని మొండికేసింది ఫారం.

నేను నవ్వాను.
తను నవ్వలేదు.
"ఆవిడ అడిగినదానికే చెప్పింది సార్."
మరెలా అడగమంటావు?
"మందు రాసుకున్నాక ఒంట్లో ఏమైనా తేడా చేసిందా అమ్మా, అని."

అదే రాసి పంపమన్నాను.
పంపడమెలాగో నేర్చుకోడానికి రెండు రాత్రులు పట్టింది,
సూచనలు కూడా నేనే రాశాను మరి, అదే నిఘంటువుతో.
కమిటీ సంతకాలకి ఇంకో నలభై రోజులు.
ఒకే ఒక్క వాక్యం.
పక్కన నాది కాని మొదటి పేరు.

ఆ పేరు చూసే వచ్చారేమో తక్కినవాళ్లు.
గాజువాక నుంచి ముంతాజ్, సిటీ బస్సులో నిలబడి
ఫోన్లోనే కోడ్ చదివే పిల్ల,
తేదీ గడిలో "తెలీదు" అనే వీలు పెట్టింది:
పుండెప్పుడు మొదలైందంటే
హుద్‌హుద్‌కి ముందో వెనకో అంటారు మనుషులు.
కిసుము నుంచి అచియెంగ్ రాసింది,
మా సరస్సు ఒడ్డునా ఇదే తంటా, మా జవాబుల్లోనూ పడవలే.
చక్రధర్ పోట్లాడి, తన కాపీ తీసుకుని
వేరు కాపురం పెట్టాడు.
ఏడాదికి తిరిగొచ్చాడు. తెచ్చిన సామాను
మా ఇంట్లో లేనిదే.

నిన్న తనిఖీవాళ్లొచ్చారు.
ఇందులో తుడుపు లేదు. పాత మాట మీద ఒక్క గీత,
గీత కింద మాట కనబడుతూనే ఉండాలి,
ఎవరు, ఎప్పుడు, ఎందుకు.
పెద్దాయన పదిహేడు దగ్గర ఆగి
కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాడు.

పాత జవాబు: తెప్ప బోల్తా పడింది. వల పోయింది.
కొత్త జవాబు: ఏమీ లేదు.
మార్పుకు కారణం:
ప్రశ్న మాది తప్పు. ఎస్తేరు.