నాలుగు హద్దులు

పురానీ హవేలీ కోర్టు గోడ పక్కన
నా టైపు మిషన్‌లో "ళ" ఒక్కటి వదులు.
కొట్టినప్పుడల్లా వరుస కిందికి జారేది.
"నీళ్లు" అని కొడితే
సగం మునిగినట్టే కనబడేది.

దొంతుల భూమయ్య వకీలు నవ్వేటోడు:
"బాగు చేయించకు ఖదీర్ మియా,
నా క్లయింట్లందరిదీ అదే కేసు."

డెబ్బై ఆరో, ఏడో. జులై.
షహర్‌కు తాగునీళ్లకని ముంచిన ఊరు.
పరిహారం చాలదని ఈదమ్మ బోనెక్కింది.
నీ భూమికి హద్దులు చెప్పు, అన్నరు.
సర్వే నంబరు ఆమెకు తెల్వదు.
తూర్పుకు మా అత్త పెట్టిన చింతచెట్టు, అన్నది.
పడమరకు, మాపటికి బర్రెలు మళ్లే బాట.
దక్షిణం, నా బిడ్డ మొదటి అడుగేసిన గెట్టు.
ఉత్తరం అడిగితే
శానాసేపు నిలబడి
కొంగుతో మొహం తుడుచుకున్నది.
సాక్షి జవాబు ఇయ్యలేదు, అని రాసుకున్నరు.

ఆ సాయంత్రం
వకాలత్‌నామా వెనక పెన్సిల్‌తో గిలికింది తెచ్చి
నా ముందు పెట్టిండు.
దరఖాస్తు అనుకున్న.
రెండు వరుసలు కొట్టేసరికి వేళ్లకు దరువు తగిలింది.
మూడే చరణాలు.
నాలుగోది మరిచినవా సాబ్, అంటే
"సాక్షి చెప్పలేదు గద."
పేజీకి రూపాయి పావలా ఇచ్చిండు.
చాయ్ కూడా ఆయనదే.
ఆ చాయ్‌ల నీళ్లు ఎక్కడివో
ఇద్దరం మాట్లాడలేదు.

కేసు పోయింది.
పాట గెలిచిందని నేననను.
అది బస్సెక్కింది, అంతే.
అఫ్జల్‌గంజ్‌ల కండక్టర్లు పాడిన్రు,
బోరబండ పెండ్లిల బ్యాండోళ్లు వాయించిన్రు,
నాట్లేసే ఆడోళ్లు తమదే అనుకున్నరు.
క్యాసెట్ అట్ట మీద అచ్చయింది:
రచన, జానపదం.

దావా వేద్దాం సాబ్, అన్న.
ఉస్మానియా బిస్కెట్ చాయ్‌ల ముంచుకుంట
"హద్దులు లేని ఆస్తికి
ఏ కోర్టుకు పోతవు?" అన్నడు.
బిస్కెట్ తెగి గ్లాసుల పడ్డది.
చెంచా కోసం కేకేసిండు.

పోయిన్నాడు బార్‌ల రెండు నిమిషాలు నిలబడ్డరు.
సివిల్ వైపు మంచి పట్టున్న మనిషి, అన్నరు.
బయట ఎవరి బరాత్‌నో,
మైకుల ఆ పాటే.
మౌనానికి అడ్డమని కిటికీ మూసిన్రు.

నా దగ్గర కార్బన్ కాపీ ఉన్నది.
ప్రతి "ళ" కిందికి జారి ఉంటది.
నకలు, స్టాంపు లేదు, చెల్లదు.
మొన్న మనవరాలు బడి ఫంక్షన్‌కు నేర్చుకుంట
నాలుగో చరణం ఏది దాదా, అన్నది.
అక్కడ పాడొద్దు బేటీ,
కొంగుతో మొహం తుడుచుకోవాలె, అన్న.

యూనిఫాంకు కొంగెక్కడిది, అన్నది.